పెగ్గమ్మ గారి ఆయా

సంపూర్ణమ్మ పుట్టేనాటికి ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా ఆనకట్ట లేస్తోంది. తల్లి అక్కడ తట్టలతో రాళ్ళు మోసే కూలి. పురుడు పోసుకున్న కొద్ది రోజులకే పిల్లను గోనెపట్టా నీడలో పడుకోబెట్టి మళ్ళీ తట్ట ఎత్తింది. ఆ పిల్ల నడక నేర్చేసరికి ఆనకట్ట పూర్తయింది. కాలువలు తవ్వారు. నెర్రెలిచ్చిన పొలాలు పచ్చబడ్డాయి. మాలపల్లెలో కూడా ఏడాదిలో ఎక్కువ నెలలు పొయ్యి వెలిగేది.

అయినా తల్లికి నమ్మకం కుదరలేదు. ఆమె చిన్నతనంలో వచ్చిన పెద్ద కరువులో ఇంటిల్లిపాదీ పోయి ఆమె ఒక్కతే మిగిలింది. అందుకని అన్నం వార్చిన ప్రతిసారీ ఓ పిడికెడు మెతుకులు తీసి చేటలో ఎండబెట్టి, కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి అటక మీద దాచేది.

"ఇంకా ఎందుకే అమ్మా? కాలవలొచ్చాయి కదా," అనేది సంపూర్ణమ్మ.

"కాలవలొచ్చాయి. కరువు చచ్చిపోయిందని నీకెవరు చెప్పారే?" అనేది తల్లి.

ఆ భయం తల్లిపాలతోటే సంపూర్ణమ్మకు పట్టింది. కడుపు నిండా తిన్న రోజున కూడా రేపటి సంగతి తలచుకుంటే గుండె దడదడలాడేది. పెళ్ళయింది. మొగుడు బుల్లియ్య లాకుల దగ్గర తలుపులెత్తే పని చేసేవాడు. కూతురు రాజరత్నం పుట్టిన మూడో ఏట వాంతులూ విరేచనాలూ పట్టుకుని పొద్దున బాగున్నవాడు సాయంత్రానికి లేడు. అప్పుడు అన్న చిట్టియ్య ఆమెను తను తోటపని చేసే బంగళాకు తీసుకుపోయాడు. అది కాలువల పని చూసే ఇంజనీరు దొరగారి బంగళా. దొరసానికి అప్పుడే కొడుకు పుట్టాడు. సంపూర్ణమ్మ ఆ బాబుకు ఆయా అయింది.

బంగళాలో ఆమెకు ఒక ఊహ పుట్టింది. అంత పెద్ద గోదావరికి అడ్డకట్ట వేసి, పొలాలకు నీళ్ళు పంచిపెట్టిన వాళ్ళు ఈ దొరలు. మరి వాళ్ళ సొంత ఊళ్ళో ఇంకెంత ఏర్పాటు ఉండాలి? ఇంగ్లండును ఆ రోజుల్లో అందరూ సీమ అనేవారు. సీమలో ఆకలి అనే మాటే ఉండదని, రేపటి భయం లేని మనుషులు అక్కడే ఉంటారని ఆమె గట్టిగా నమ్మింది.

మద్రాసు వైపు కరువు మండిపోతున్న ఏడు అది. దొరసానికి జ్వరాలు వదలక డాక్టరు సీమకు వెళ్ళిపొమ్మన్నాడు. బాబు సంపూర్ణమ్మ చంక దిగడు. దొరసాని పనివాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగులో అంది: "నువ్వు రా. బాబు ఏడుస్తాడు. వచ్చే ఓడలో నువ్వు ఇంటికి. రాజరత్నం మిషన్ బడికి."

చిట్టియ్య ఆ మాట వినగానే తట్ట కింద పడేశాడు. "వద్దమ్మాయ్. సముద్రంలో పోతే మట్టి కూడా దక్కదు."

"వచ్చే ఓడలోనే పంపించేస్తానన్నారు అన్నయ్యా."

"అన్నారు. అక్కడికెళ్ళాక ఆ మాట ఆవిడికి గుర్తు చెయ్యడానికి నీకెవరున్నారు?"

సంపూర్ణమ్మను లాగేవి రెండున్నాయి. పిల్ల చదువు ఒకటి. దాని వెనక, ఎవరికీ చెప్పుకోలేని ఆశ ఒకటి: ఆ భయం లేని ఊరు ఒక్కసారి కళ్ళారా చూడాలి.

రాజరత్నాన్ని చిట్టియ్య దగ్గర వదిలి, దొరసానితో, బాబుతో సంపూర్ణమ్మ బయలుదేరింది. కాలువ పడవలో కాకినాడ చేరి, అక్కడ పొగఓడ ఎక్కి మద్రాసు వెళ్ళారు. దారి పొడుగునా వాళ్ళ పడవకు ముందూ వెనకా బియ్యం బస్తాల పడవలే. మద్రాసు రేవులో దిగేసరికి ఆ బస్తాలు ఇసుక మీద కొండల్లా పేర్చి ఉన్నాయి. చుట్టూ పోలీసు కాపలా. కాపలాకు అవతల మనుషులున్నారు. మనుషులని పోల్చుకోవడానికి సంపూర్ణమ్మకు కాస్త సేపు పట్టింది. ఒక ఆడమనిషి ఇసుక చేత్తో జల్లెడ పడుతోంది. బస్తా చిల్లులోంచి రాలిన గింజలు ఏరుకుంటోంది. ఆమె పక్కన పడుకున్న పిల్ల కదలడం లేదు. దొరసాని రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని బాబు ముఖం అటు తిప్పమంది.

సంపూర్ణమ్మ బాబు ముఖం భుజానికి అదుముకుంది. కరువంటే గింజ దొరకకపోవడం అని తల్లి చెప్పింది. ఇక్కడ గింజ ఎదురుగా ఉంది. బహుశా మొన్న తన పడవ పక్కనే వచ్చిన గింజ. తల్లి చెప్పిన కరువు కన్నా ఇదే ఆమెను ఎక్కువగా భయపెట్టింది. ఈ గొడవ లేని చోటికి పోతున్నానని తనకు తాను చెప్పుకుని పెద్ద ఓడ ఎక్కింది.

సముద్రం మీద వారాల తరబడి గడిపాక సీమ వచ్చింది.

మొదట్లో అంతా ఆమె అనుకున్నట్టే ఉంది. దొరసాని తల్లిగారి ఇల్లు ఒక చిన్న పట్నంలో ఉంది. గోడకున్న కొళాయి తిప్పితే ఇంట్లోకే నీళ్ళు వచ్చేవి. వీధి దీపాలు నూనె లేకుండా గ్యాసుతో వెలిగేవి. రైలు గంట కొట్టినట్టు వేళకు వచ్చేది. అన్నిటికన్నా ఆమెను ఆశ్చర్యపరిచింది వేరే సంగతి. వీధి చివర అందరూ వాడే పంపు ఒకటుంది. ఒకసారి అక్కడికి వెళ్ళి అలవాటు కొద్దీ దూరంగా నిలబడింది. వెనక ఉన్న తెల్లావిడ, "ముందుకు నడవమ్మా, నీ వంతే," అంది. తను ముట్టుకున్న పంపునే ఆవిడ ముట్టుకుంది. కడగలేదు. ధవళేశ్వరంలో పై కులాల నూతి గట్టు ఎక్కితే ఏమవుతుందో సంపూర్ణమ్మకు తెలుసు. ఇంటికి వచ్చి చాలాసేపు చేతులకేసి చూసుకుంది.

చలి మొదలైన ఒక పొద్దున కిటికీలోంచి చూస్తే, పక్కింటి గుమ్మం మెట్లు ఒక తెల్లపిల్ల మోకాళ్ళ మీద కూర్చుని తోముతోంది. చేతులు పగిలి నెత్తురోడుతున్నాయి. బకెట్లో నీళ్ళ మీద మంచు పలక కట్టింది. తెల్లవాళ్ళు నేల తోమడం సంపూర్ణమ్మ అంతవరకూ చూడలేదు. ఆ పిల్ల తలెత్తి చూసింది. ఆ చూపు ఆమెకు బాగా తెలిసిన చూపే. యజమానురాలు లేచేలోగా పని అవుతుందో లేదో అన్న చూపు.

దొరసాని మంచం పట్టింది. పెత్తనం ఆవిడ తల్లి చేతికి వచ్చింది. బాబుకు తెల్ల ఆయాను పెట్టారు. మద్రాసు వెళ్ళే ఇంకో దొరసాని ఉందని, దారిలో ఆవిడ పిల్లలకు ఆయాగా ఉంటూ ఇంటికి చేరిపోవచ్చని చెప్పి ముసలావిడ సంపూర్ణమ్మను పంపేసింది. బాబు వీధి మలుపు దాకా కేకలు పెట్టి ఏడ్చాడు.

ఆ రెండో దొరసాని ఆమెను రైల్లో లండన్ తీసుకువచ్చింది. ఓడరేవు దగ్గర ఇరుకు వీధిలో, చాకిరేవు పని చేసే ఒక ముసలమ్మ గదిలో దింపి, "వారంలో వస్తాను, ఇక్కడే ఉండు," అంది. బండెక్కి వెళ్ళిపోయింది.

వారం గడిచింది. ఇంకో వారం గడిచింది. సంపూర్ణమ్మ మూట కట్టుకుని పొద్దుటి నుంచీ కిటికీ దగ్గర కూర్చునేది. వీధిలో బండి చప్పుడైతే లేచి నిలబడేది.

ఆ ముసలమ్మ పేరు పెగ్గీ. సంపూర్ణమ్మ నోట అది పెగ్గమ్మ అయింది. అరవై దాటిన మనిషి. మొగుడు ఓడ మునిగి పోయాడు, పిల్లలు దక్కలేదు. ఇతరుల బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి బతుకుతోంది. ఒకరోజు ఆవిడ తను తాగుతున్న గ్లాసులోనే మిగిలిన టీ సంపూర్ణమ్మకు ఇచ్చి మెల్లగా చెప్పింది.

"ఆవిడ రాదమ్మా. ప్రయాణం మానుకుని ఉంటుంది. నీలాంటి వాళ్ళను ఈ వీధిలో వదిలేసి పోవడం నేను ఇంతకు ముందూ చూశాను."

బంగళాలో నేర్చిన ఇంగ్లీషుతో సంపూర్ణమ్మకు ఆ మాత్రం అర్థమయింది. "వాళ్ళేమయ్యారండి?"

"ఒకామె వీధుల్లో అడుక్కునేది. చలికాలం వెళ్ళాక కనపడలేదు. ఇంకొకామెను ఆ ఇంటికి తీసుకుపోయారు."

"ఏ ఇంటికి?"

పెగ్గమ్మ కిటికీలోంచి చూపించింది. కప్పుల మీదుగా దూరాన ఒక పెద్ద ఇటుకల గోడ, వరసగా చిన్న చిన్న కిటికీలు. దిక్కులేని వాళ్ళ కోసం సర్కారు కట్టిన ఇల్లు అది. కూడు పెడతారు, పడక ఇస్తారు. మొగుణ్ణి ఒకవైపు, పెళ్ళాన్ని ఒకవైపు పెడతారు.

"కూడు పెడతారు కదా, మరి భయమెందుకండి?" అంది సంపూర్ణమ్మ.

పెగ్గమ్మ గొంతు తగ్గించింది. "అందులో చచ్చిపోతే, అడిగే వాళ్ళు లేకపోతే, శవాన్ని డాక్టర్లకిస్తారు. వాళ్ళు కోసి చూస్తారు. తర్వాత ముక్కలు పాతిపెడతారు. ఆఖరి రోజున దేవుడు సమాధుల్లోంచి పిలిస్తే నేను ఏ కాళ్ళతో లేవాలి?"

సంపూర్ణమ్మ కిటికీ దగ్గర నుంచి లేచి లోపలికి జరిగి కూర్చుంది. ఆ గోడ ఆ రోజు నుంచీ ఆమె కళ్ళలో పడేది. గదిలో ఎటు కూర్చున్నా కిటికీలోంచి కనిపించేది.

అలా ఆమె పెగ్గమ్మతో పాటు బట్టలు ఉతికే పనికి దిగింది. వేణ్ణీళ్ళ ఆవిరి, చన్నీళ్ళ కోత. పొగమంచు ఎంత దట్టంగా పడేదంటే ఎదుటి మనిషి మాట వినిపించేది గాని ముఖం కనిపించేది కాదు. వీధిలోకి వెళితే పిల్లలు ఆమె చీర చూసి వెంటపడి మట్టి విసిరేవాళ్ళు. ఆ పిల్లల్లో సగం మందికి కాళ్ళకు జోళ్ళు లేవు. మంచులో ఆ కాళ్ళు ఎర్రగా వాచి ఉండేవి. రొట్టెల దుకాణం అద్దానికి ముఖం ఆనించి నిలబడేవాళ్ళు. వాళ్ళను చూసినప్పుడల్లా మద్రాసు ఇసుకలో చెయ్యి పెట్టిన ఆడమనిషి గుర్తొచ్చి గబగబా నడిచేది.

ఇస్త్రీ పెట్టెలు వేడెక్కే వేళ ఇద్దరూ మాట్లాడుకునేవారు.

"మీ దేశంలో చలి లేదంటావు. బొగ్గు కొనక్కర్లేదు. అదృష్టవంతులు," అనేది పెగ్గమ్మ.

"చలి లేదండి. తుఫానుంటుంది. ఇల్లు ఎగిరిపోతుంది."

"పోతే?"

"మళ్ళీ తాటాకు కప్పుకుంటాం. అందరం కలిసి."

"దిక్కులేని ముసలిదాన్ని ఎక్కడ పెడతారు?"

సంపూర్ణమ్మ ఆలోచించింది. "ఎక్కడా పెట్టరండి. పల్లెలోనే ఉంటుంది. ఎవరో ఒకరు గంజి పోస్తారు." వెంటనే అది పూర్తి నిజం కాదని తోచింది. "గంజి ఉంటే పోస్తారు. లేని ఏడు అందరూ ఒకేసారి పోతారు."

"చచ్చాక కోస్తారా?"

"కొయ్యరండి. మేం పూడుస్తాం. వేరే వాళ్ళు కాలుస్తారు."

"కాల్చడం మేలు," అంది పెగ్గమ్మ. "కొయ్యడానికి ఏమీ మిగలదు." ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. నవ్వుతుండగానే పెగ్గమ్మకు దగ్గు తెర వచ్చింది.

ఆ దగ్గు తగ్గలేదు. క్రిస్మసు వెళ్ళేసరికి ముసలమ్మ మంచం దిగలేకపోయింది. బట్టలన్నీ సంపూర్ణమ్మే ఉతికి ఇళ్ళకు చేరవేసేది. అలా ఒక మధ్యాహ్నం మూట దింపి రేవు పక్క సందులోంచి వస్తుంటే, పొగమంచులో ఎవరో అరిచారు.

"ఒరే అబ్బులూ, ఆ తాడిలా పారెయ్యరా!"

తెలుగు! సంపూర్ణమ్మ గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఎక్కడ మాట ఆగిపోతుందోనని పరుగెత్తింది. కోరంగి వైపు నుంచి వచ్చిన ఓడ కళాసీలు వాళ్ళు. తాడు విసిరిన కుర్రవాడు ఆమెను చూసి నోరు తెరిచాడు.

"మీదే ఊరండి?"

"ధవళేశ్వరం," అని చెప్పబోయి ఆమె ఏడ్చేసింది.

అబ్బులు తాళ్ళరేవు మనిషి. సంగతంతా విన్నాడు. "ఏడవకక్కా. మా ఓడ ఈ వారంలోనే మద్రాసు వెళ్తంది. పై తరగతిలో ఒక దొరగారి కుటుంబముంది. చంటిపిల్లకి ఆయా కావాలని ఇందాకే అడిగారు. రేపు మూట తెచ్చుకుని రా. నేను చెప్పి పెడతాను."

ఆమె ఇంటికి నడవలేదు, ఎగిరింది. మెట్లెక్కుతూ రాజరత్నం ముఖం ఊహించుకుంది. తలుపు తీసేసరికి పెగ్గమ్మ కళ్ళు తెరిచి చూసింది.

"ఓడ దొరికిందా?" అంది. ముఖం చూసే తెలుసుకుంది.

"దొరికిందండి."

"దేవుడు చల్లగా చూశాడు. వెళ్ళు." ఆ మాట అంటూనే ఆవిడ చెయ్యి దుప్పటి అంచును గట్టిగా పట్టుకుంది. కళ్ళు మాత్రం కిటికీ వైపు తిరిగాయి.

మర్నాడు సంపూర్ణమ్మ మూట కట్టుకుంటుండగా కింద మెట్ల మీద బూట్ల చప్పుడయింది. గది యజమాని, అతనితో నల్లకోటు వేసుకున్న ఒక ఆఫీసరు. ఆ పేటలో దిక్కులేని వాళ్ళ సంగతి చూసేవాడు అతను. పని చెయ్యలేని ముసలిది గదిలో పడి ఉందని, రేపోమాపో చస్తే తనకు తలనొప్పి అని యజమానే వెళ్ళి చెప్పి వచ్చాడు. వీధిలో బండి ఆగి ఉంది.

"ఈమెకు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు ఆఫీసరు.

"ఎవరూ లేరండి," అన్నాడు యజమాని.

"అయితే బండి ఎక్కించాలి. అక్కడ డాక్టరు చూస్తాడు."

డాక్టరు అనే మాట వినగానే పెగ్గమ్మ నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. అది అరుపు కాదు, మూలుగు కాదు. సంపూర్ణమ్మ ఆ శబ్దాన్ని తన బతుకంతా మరిచిపోలేదు.

ఆఫీసరు సంపూర్ణమ్మ వైపు తిరిగాడు. "ఈమె ఎవరు? ఈమెకు జీవనాధారం ఉందా?"

లేదని చెబితే తననూ ఆ బండి ఎక్కిస్తారు. మూట చేతిలోనే ఉంది. మెట్లు దిగి పరుగెడితే ఓడ ఉంది, ఇల్లుంది, కూతురుంది. కాళ్ళు ద్వారం వైపే లాగాయి. తర్వాత ఎన్నోసార్లు తలచుకున్నా, ఆ క్షణంలో తను మంచం వైపు ఎందుకు నడిచిందో ఆమెకే తెలియలేదు. మూట కింద పెట్టింది. కొంగు సర్దుకుంది. బంగళాలో అతిథులు వచ్చినప్పుడు ఎలా నిలబడేదో అలా మంచం తలాపున చేతులు కట్టుకుని నిలబడింది.

"నేను ఈ దొరసానిగారి ఆయానండి," అంది ఇంగ్లీషులో.

ఆఫీసరు చిరుగుల దుప్పటి కింద ఉన్న చాకలి ముసలమ్మను చూశాడు. తెల్లచీరలో నిటారుగా నిలబడ్డ నల్లటి ఆయాను చూశాడు.

"ఆయానా? ఈమెకా?"

"అవునండి. వంట, మందు, బట్టలు, అన్నీ నేనే చూస్తాను. అద్దె కూడా నేనే ఇస్తాను." ఆమె దుప్పటి అంచు సర్దింది. "దొరసానిగారికి ఇప్పుడు పడుకునే వేళ. మీరు గట్టిగా మాట్లాడకండి."

ఆఫీసరు పెదవుల మీదికి నవ్వు వచ్చింది గాని అది నిలవలేదు. టోపీ తీశాడు. "చూసేవాళ్ళున్నప్పుడు నేను తీసుకుపోవడానికి లేదు," అని యజమానితో అని, కిందికి దిగిపోయాడు. బండి ఖాళీగా కదిలిన చప్పుడు వినిపించేదాకా సంపూర్ణమ్మ అలాగే నిలబడింది. ఆఫీసరు మళ్ళీ వస్తాడేమోనని చాలా రోజులు ఆమెకు మెట్ల మీద ఏ అడుగు పడినా చెమటలు పట్టేవి.

ఓడ వెళ్ళిపోయింది. అబ్బులు వచ్చి బతిమాలాడు. "ఇంకెప్పుడు దొరుకుతాదో తెలీదక్కా. ఆవిడ నీకేమవుతాది?"

"ఏమీ అవదు తమ్ముడూ. నేను మాటిచ్చాను కదా."

మంచు కరగడం మొదలైన రోజుల్లో పెగ్గమ్మ తన మంచం మీదే, తన దుప్పటి కిందే పోయింది. చావు ఖర్చుల కోసం ఏళ్ళ తరబడి కూడు తగ్గించుకుని ఒక సంఘానికి చందా కట్టుకుంది. ఆ సంఘం వాళ్ళే పెట్టె తెచ్చారు. పెట్టె వెనక నడిచింది సంపూర్ణమ్మ ఒక్కతే. గోతిలోకి దించే ముందు ఆమె పెట్టె మూత తీయించి చూసింది. మనిషి మొత్తంగా ఉందని తృప్తి పడ్డాకే మట్టి వెయ్యనిచ్చింది.

వేసవి ముందర అబ్బులు ఓడ మళ్ళీ వచ్చింది. ఈసారి అతను చూపించిన కుటుంబం మాట తప్పలేదు, ఆమెను ఆయాగా తీసుకుని మద్రాసు చేర్చింది.

ధవళేశ్వరం రేవులో పడవ దిగేసరికి చిట్టియ్య ఆమెను చూసి దయ్యమనుకుని వెనక్కి అడుగు వేశాడు. కబురు లేకపోయేసరికి చచ్చిపోయిందనే అనుకున్నాడు. రాజరత్నం జానెడు పొడుగెదిగింది. తల్లిని పోల్చుకోలేక మేనమామ చాటుకు వెళ్ళింది.

పల్లె పల్లెంతా చుట్టూ చేరింది. కొళాయి గురించి చెబితే నమ్మారు. భూమి లోపల నడిచే రైలు గురించి చెబితే కళ్ళు పెద్దవి చేసుకుని నమ్మారు. అందరూ ఒకే పంపు ముట్టుకుంటారంటే ఆ మాట ఇంకోసారి చెప్పమన్నారు. పెగ్గమ్మ సంగతి మాత్రం ఎవరూ నమ్మలేదు.

"తెల్లావిడ చాకిరేవు చెయ్యడమేంటి? దిక్కులేకుండా చావడమేంటి?" అని నవ్వారు. ఒక ముసలావిడ, "సముద్రం మీద నీకు మతి చలించిందే," అని తల నిమిరింది.

చిట్టియ్య నవ్వలేదు. అందరూ వెళ్ళాక దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "నువ్వు చెప్పింది నిజమేనా అమ్మాయ్?"

"నిజమే అన్నయ్యా."

అతను నేల గీకుతూ అన్నాడు. "అంత ఐశ్వర్యమున్న చోట, వాళ్ళ సొంత మనుషులకే అలా అయితే, ఇంక మన వైపు ఎవడు చూస్తాడు? ఈ మాట బయట చెప్పకు. వింటే జనం దడుచుకుంటారు."

అప్పటి నుంచి ఆమె పెద్దగా చెప్పలేదు. మొదటి దొరసాని సీమలోనే పోయిందని తెలిసింది. కానీ చదువు విషయంలో ఆవిడ మాట నిలిచింది. రాజరత్నం రాజమహేంద్రవరం మిషన్ బడిలో చదివి పంతులమ్మ అయింది.

పన్నెండు పదమూడేళ్ళ తర్వాత, కొత్తగా వచ్చిన ఇంకో దొరసాని సీమకు తిరిగి వెళుతూ, అనుభవమున్న ఆయా కూతురని తెలిసి రాజరత్నాన్ని తోడు అడిగింది. పిల్లకు వెళ్ళాలనే ఉంది. సంపూర్ణమ్మ వెళ్ళి దొరసాని ఎదుట నిలబడింది. తిరుగు ప్రయాణం టిక్కెట్టు ముందే కొని మిషన్ బడి పాదిరిగారి చేతిలో పెడితే పంపిస్తానంది. దొరసాని ముఖం ఎర్రబడింది. "నా మాట మీద నమ్మకం లేదా?" అంది. సంపూర్ణమ్మ తల వంచుకుంది గాని మాట మార్చలేదు. దొరసాని చర్చి గంట కొట్టే ఏసుపాదం కూతురు మార్తమ్మను తీసుకుపోయింది.

చిట్టియ్య తిట్టాడు. రాజరత్నం కొన్నాళ్ళు తల్లితో మాట్లాడలేదు.

మార్తమ్మ తిరిగి రాలేదు. ఏసుపాదం ఏడాది తిరగ్గానే బంగళా చుట్టూ తిరిగాడు. దొరసాని వాళ్ళు వేరే దేశానికి వెళ్ళిపోయారని, ఆయా సంగతి తెలియదని బంగళావాళ్ళు అన్నారు. అతను గంట కొడుతుంటే ఆ చప్పుడు సంపూర్ణమ్మ చెవుల్లో గుచ్చుకునేది. తన కూతురి మెడకు తప్పించిన ఉరి ఇంకో పిల్ల మెడకు పడిందని కుమిలిపోయేది. ఓపిక ఉన్నన్నాళ్ళు, ఓడలు వచ్చే కాలంలో ఏసుపాదాన్ని వెంటబెట్టుకుని పడవ మీద కాకినాడ వెళ్ళేది. కళాసీలను పట్టుకుని అడిగేది. లండన్లో రేవు పక్క సందులు ఏవో గుర్తున్నంత మటుకు వర్ణించి చెప్పేది.

ఒక ఏడు ఒక కళాసీ, ఆ వీధుల్లో ఎక్కడో ఇస్త్రీ చేసుకుంటున్న ఒక తెలుగు ఆడమనిషిని చూశానన్నాడు. పేరు అడగలేదన్నాడు. బాగానే ఉందా అని ఏసుపాదం అడిగితే, చలికి వణుకుతోందని, కానీ పనిలో ఉందని చెప్పాడు. అది మార్తమ్మో కాదో ఎవరికీ తెలియదు. ఏసుపాదం మాత్రం ఆ రోజు దారంతా ఆ కబురే మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. సంపూర్ణమ్మ విసుక్కోకుండా ప్రతిసారీ చెప్పింది. పడవ లాకు దాటి ధవళేశ్వరం చేరేసరికి ఎండ వాలింది. గట్టు మీద రాజరత్నం తల్లి కోసం గొడుగు పట్టుకుని నిలబడి ఉంది.